సూపర్‌బైక్ ముందా, స్పోర్ట్స్ కార్ ముందా? జవాబు వేగాన్ని బట్టి మారుతుంది

బైకుల పిచ్చి ఉన్నవాళ్లు, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఒకచోట చేరితే ఒక వాదన ఎప్పటికీ తెగదు. ఒకరు కిలో బరువుకు ఎన్ని హార్స్‌పవర్ వస్తుందో లెక్క తీస్తారు. ఇంకొకరు ల్యాప్ టైమ్‌లు, అంటే ట్రాక్‌ను ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయాలు, ముందు పెడతారు. మూడో మనిషి సున్నా నుంచి వంద అంకె చెబుతాడు, నాలుగో మనిషి టాప్ స్పీడ్ దగ్గర పట్టు పడతాడు. ఇందులో అబద్ధం చెప్పేవాళ్లు తక్కువే. చిక్కేమిటంటే ఇవి నాలుగూ వేర్వేరు పరీక్షలు. ఒక్కో పరీక్షలో గెలుపు నిర్ణయించేది ఒక్కో భౌతిక సూత్రం.

క్లుప్తంగా: కదిలే మొదటి క్షణాల్లో నిర్ణయించేది ఇంజిన్ కాదు, బండి ఆకారం. వంద దాటాక రెండొందల యాభై వరకు బరువు నిర్ణయిస్తుంది, అక్కడ బైక్‌కు తిరుగులేదు. మూడొందల చుట్టుపక్కల గాలి నిర్ణయిస్తుంది, అక్కడ బరువుతో పెద్దగా పని లేదు. మలుపులున్న ట్రాక్ మీద టైర్లు, బ్రేకులు, డౌన్‌ఫోర్స్ (గాలి బండిని నేలకు అదిమే బలం) నిర్ణయిస్తాయి, అక్కడ మంచి కారు ముందుంటుంది. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక మొదటి పరీక్షలో బైక్‌కు మిగిలిన కాస్త ఆధిక్యం కూడా పోయింది.

## కాగితం మీద బైక్‌దే పైచేయి

పోల్చడానికి రెండు బండ్లు తీసుకుందాం. బీఎండబ్ల్యూ ఎస్ 1000 ఆర్‌ఆర్ బైక్ 2023 మోడల్ 999 సీసీ ఇంజిన్‌తో 210 హార్స్‌పవర్ ఇస్తుంది. పెట్రోలు, ఆయిలు అన్నీ కలిపి బరువు 197 కిలోలు. రెండోది 992 తరం పోర్షే 911 జీటీ3. 4 లీటర్ల ఇంజిన్, 510 హార్స్‌పవర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో 1,435 కిలోలు. రెండూ రోడ్డు మీద తిరిగేవే, రెండూ రేస్ ట్రాక్‌ను మనసులో పెట్టుకుని చేసినవే. అందుకే ఈ జత పోలికకు సరిపోతుంది.

ఉత్త బండి లెక్కే చూస్తే బైక్‌కు కిలోకు 1.07 హార్స్‌పవర్, కారుకు 0.36. అంటే మూడు రెట్లు. కానీ బండి తనంతట తాను నడవదు కదా. 80 కిలోల మనిషిని ఎక్కిస్తే బైక్ లెక్క 0.76కి పడిపోతుంది, కారు లెక్క 0.34 దగ్గరే ఉంటుంది. మూడు రెట్లు కాస్తా రెండుంపావు రెట్లయింది. బైక్ మీద మొత్తం బరువులో మనిషిది దాదాపు 29 శాతం, కారులో 5 శాతమే. అభిమానులు చెప్పే పవర్-బరువు అంకెల్లో మనిషి బరువు సాధారణంగా కనిపించదు. పోలికలో తేడా మొదలయ్యేది అక్కడే.

అయినా సరే, రెండు రెట్లకు పైగా ఆధిక్యమంటే చిన్నది కాదు. దాన్ని బట్టి చూస్తే బైక్ ప్రతి పరీక్షలోనూ కారును మట్టి కరిపించాలి. అలా జరగకపోవడమే అసలు కథ.

## చిన్న ఇంజిన్‌లో అంత బలం ఎక్కడిది?

ముందు ఒక అపోహ తీర్చాలి. బైక్ ఇంజిన్ లీటరుకు 210 హార్స్‌పవర్ ఇస్తుంటే జీటీ3 ఇంజిన్ లీటరుకు 128 దగ్గర ఆగుతుంది. దీన్ని చూసి బైకులు చేసేవాళ్ల ఇంజినీరింగ్ గొప్పదని ఒక మాట వినిపిస్తుంటుంది. నిజానికి రెండు ఇంజిన్లూ ఒకే గోడకు ఆనుకుని ఉన్నాయి.

ఆ గోడ పేరు పిస్టన్ వేగం. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకునే సగటు వేగం సెకనుకు 25 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఇంజిన్‌లోని కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు, పిస్టన్ రింగుల మీద ఒత్తిడి భరించరానిదవుతుంది. బీఎండబ్ల్యూ బైక్ ఇంజిన్‌లో పిస్టన్ ఒకసారి ప్రయాణించే దూరం, అంటే స్ట్రోక్, 49.7 మిల్లీమీటర్లు. గరిష్ఠంగా 14,600 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర దాని సగటు పిస్టన్ వేగం సెకనుకు 24.2 మీటర్లు. జీటీ3 ఇంజిన్ స్ట్రోక్ 81.5 మిల్లీమీటర్లు, గరిష్ఠంగా 9,000 ఆర్‌పీఎం. లెక్క కడితే 24.5 మీటర్లు. తేడా ఒక్క శాతం చుట్టూ!

అంటే రెండు కంపెనీల ఇంజినీర్లూ ఒకే హద్దు దాకా వెళ్లి ఆగారు. పిస్టన్ చిన్నది, ప్రయాణం పొట్టిది కాబట్టి బైక్ ఇంజిన్ అదే హద్దులో ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఎక్కువ చుట్లు తిరిగితే నిమిషానికి ఎక్కువసార్లు పెట్రోలు మండుతుంది, లీటరుకు ఎక్కువ పవర్ వస్తుంది. దానికి చెల్లించే మూల్యం టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. కింది ఆర్‌పీఎంలో చిన్న ఇంజిన్ లాగుడు తక్కువ. రెండొందల కిలోల బండికి ఆ లోటు పెద్దగా తెలియదు. ఒకటిన్నర టన్ను కారుకు అదే ఇంజిన్ పెడితే ప్రతి సిగ్నల్ దగ్గరా తెలుస్తుంది.

## సున్నా నుంచి వంద: ముందు చక్రం వేసే తాళం

జీటీ3 సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పోర్షే చెప్పే సమయం 3.4 సెకన్లు. లీటర్ క్లాస్, అంటే 1000 సీసీ చుట్టూ ఉండే సూపర్‌బైకులకు మంచి రైడర్ చేతిలో 3 సెకన్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. రెండు రెట్లకు పైగా పవర్-బరువు ఆధిక్యం ఉండి, తేడా అర సెకను కూడా దాటడం లేదు. ఎందుకు?

బైక్ వేగం పుంజుకుంటున్నప్పుడు బరువంతా వెనక చక్రం మీదికి జరుగుతుంది. ఒక దశలో ముందు చక్రం మీద బరువు సున్నా అయి గాల్లోకి లేస్తుంది. అదే వీలీ. అది ఎప్పుడు జరుగుతుందన్నది రెండు కొలతల మీద ఆధారపడి ఉంటుంది. రైడర్‌తో కలిపి బండి గరిమనాభి, అంటే బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? వెనక చక్రం నేలను తాకే చోటు నుంచి ఎంత ముందుకు ఉంది? స్పోర్ట్స్ బైకుల్లో ఈ రెండు దూరాలూ సుమారు సమానం, 65, 70 సెంటీమీటర్ల చుట్టూ ఉంటాయి. రెండూ సమానమైతే బైక్ గరిష్ఠంగా 1 జి రేటుతో, అంటే కింద పడే వస్తువు వేగం పుంజుకునే రేటుతో మాత్రమే ముందుకు దూకగలదు. అంతకు మించితే ముందు చక్రం లేస్తుంది.

ఆ రేటుతో 100 కిలోమీటర్ల వేగం చేరడానికి 2.83 సెకన్లు పడుతుంది. ఇంజిన్ పవర్ 200 ఉన్నా 400 ఉన్నా ఈ అంకె మారదు. మార్చాలంటే బండినే మార్చాలి. డ్రాగ్ రేసు బైకులకు వెనక ఫోర్క్ పొడుగ్గా సాగదీసి, ముందు చక్రం లేవకుండా వెనక వీలీ బార్ తగిలించేది ఇందుకే. అలాంటి బైక్ మలుపు తిరగడానికి పనికిరాదు.

కారుకు ఈ ఇబ్బంది లేదు. పొడవు ఎక్కువ, గరిమనాభి కిందికి ఉంటుంది, ముందు భాగం లేవడానికి చాలా ముందే టైర్ల గ్రిప్ అయిపోతుంది. కాబట్టి కారు హద్దు టైరుది. నాలుగు చక్రాలకూ పవర్ పంపగలిగితే ఆ హద్దును పూర్తిగా వాడుకోవచ్చు. నాలుగు మోటార్లున్న రిమాక్ నెవేరా ఎలక్ట్రిక్ కారు బరువు రెండు టన్నులకు పైమాటే. అయినా 2 సెకన్ల లోపు వంద అందుకుంటుంది. అంటే సగటున 1.4 జి కంటే ఎక్కువ. ఆ రేటు దగ్గర మామూలు సూపర్‌బైక్ వెనక్కి పల్టీ కొడుతుంది.

## వంద నుంచి రెండొందల యాభై దాకా

బైక్ అసలు సత్తా కనిపించేది ఇక్కడ. వేగం పెరిగే కొద్దీ ఇంజిన్ చక్రం దగ్గర పెట్టగలిగే తోపు తగ్గుతుంది, ఎందుకంటే పవర్ స్థిరంగా ఉంటే వేగం, తోపు ఒకదానికొకటి విలోమం. వంద దాటి కాస్త ముందుకు వెళ్లాక వీలీ హద్దు సడలుతుంది, ఇప్పుడు నిజంగా లెక్కలోకి వచ్చేది పవర్‌ను బరువుతో భాగించిన అంకే. 0.76కి ఎదురు 0.34. కారు వేగం పుంజుకునే రేటుకు బైక్ రేటు రెట్టింపు పైనే.

జీటీ3 సున్నా నుంచి 200 చేరడానికి 10.8 సెకన్లు పడుతుందని పోర్షే చెబుతుంది. మొదటి వందకు 3.4 పోతే, రెండో వందకు 7.4. సూపర్‌బైకులు మొత్తం రెండొందలనూ 7 సెకన్ల చుట్టుపక్కల పూర్తి చేస్తాయి. హైవే మీద బైక్ పక్కనుంచి మాయమైపోయినట్టు అనిపించేది ఈ వేగాల్లోనే. ఒకటిన్నర టన్ను స్పోర్ట్స్ కారు దీన్ని అందుకోవాలంటే దాదాపు 1,100 హార్స్‌పవర్ కావాలి. ధర విషయం వేరే చెప్పనక్కర్లేదు. డబ్బుకు ఎంత వేగం వస్తుందన్న లెక్కలో బైక్‌కు పోటీయే లేదు.

## మూడొందల దగ్గర గాలి గోడ

ఆ తర్వాత ఆట తిరగబడుతుంది. గాలిని తోసుకుంటూ పోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు పవర్ కావాలి. పది శాతం పెంచాలన్నా ముప్పై మూడు శాతం అదనంగా కావాలి. ఈ లెక్కలో బరువు ఎక్కడా రాదు. ఎంత పవర్ ఉంది, గాలికి ఎంత అడ్డు తగులుతోంది అన్నవి రెండే ముఖ్యం.

బైక్ సన్నగా కనిపిస్తుంది కాబట్టి గాలిని సులువుగా చీల్చుకుపోతుందని అనుకుంటాం. ఎదుటి వైశాల్యం తక్కువన్నది నిజమే. కానీ దాని ఆకారం గాలికి నచ్చేది కాదు. రైడర్ వీపు, మోకాళ్లు, బయటికి కనిపించే చక్రాలు గాలిని చెల్లాచెదురు చేస్తాయి. కారు వెడల్పు ఎక్కువైనా గాలి దాని మీదుగా నునుపుగా జారిపోతుంది. చివరికి బైక్ గాలికి ఇచ్చే అడ్డు కారు అడ్డులో సుమారు సగం ఉంటుంది. పవర్ కూడా సగానికి తక్కువే. రెండూ కొట్టుకుపోయి బైక్, కారు టాప్ స్పీడ్‌లు దగ్గర దగ్గరగా తేలతాయి. బైక్ 300 దగ్గర, జీటీ3 దాదాపు 320 దగ్గర.

300 అనే అంకెకు ఇంకో కారణం కూడా ఉంది. 1999లో వచ్చిన సుజుకి హయబుసా గంటకు 310 కిలోమీటర్లు దాటింది. ఈ పోటీ ఇలాగే సాగితే ప్రభుత్వాలు నిషేధాలతో ముందుకొస్తాయన్న భయం కంపెనీలను పట్టుకుంది. ఆ తర్వాత రెండేళ్లలోపే పెద్ద కంపెనీలు రోడ్డు బైకులను 299 దగ్గర ఆపాలన్న పెద్దమనుషుల ఒప్పందానికి వచ్చాయి. చాలా బైకుల స్పీడోమీటర్లు 299 దగ్గర ఆగిపోవడం అందుకే. కార్లకు అన్ని కంపెనీలూ కలిసి పాటించే అలాంటి ఒప్పందం లేదు. కాబట్టి ఉత్త టాప్ స్పీడ్ అంకెలు పక్కపక్కన పెట్టి బైక్‌ను తక్కువ చేయడం పూర్తి న్యాయం కాదు. రేసుల్లో ఈ కట్టుబాటు లేదు. బైకుల ప్రపంచ చాంపియన్‌షిప్ అయిన మోటోజీపీలో 2023లో ఇటలీలోని ముజెల్లో ట్రాక్ మీద బ్రాడ్ బైండర్ 366.1 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు.

కట్టుబాటు తీసేసినా, పైమెట్టు మాత్రం కారుదే. 2019లో జర్మనీలోని ఎరా-లెసీన్ ట్రాక్ మీద బుగాటి చిరాన్ 490.484 కిలోమీటర్లు నమోదు చేసింది. 1,600 హార్స్‌పవర్, రెండు టన్నుల చుట్టూ బరువు. ఆ బరువు దానికి అడ్డం కాలేదు. అంత పెద్ద ఇంజిన్‌ను, దాన్ని చల్లార్చే రేడియేటర్లను, ఆ వేగానికి తట్టుకునే టైర్లను పెట్టుకునే చోటు కారులో ఉంది. బైక్‌లో ఆ చోటు లేదు.

## మలుపులొస్తే

ట్రాక్ మీద పోలికకు మంచి సాక్ష్యం అమెరికాలోని ఆస్టిన్ దగ్గర ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్. 5.513 కిలోమీటర్ల ఈ ట్రాక్‌లో ఫార్ములా వన్, మోటోజీపీ రెండూ జరుగుతాయి. 2019 ఫార్ములా వన్ క్వాలిఫైయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీలో, వాల్తేరి బొటాస్ 1 నిమిషం 32.029 సెకన్లలో చుట్టొచ్చాడు. 2024 మోటోజీపీలో మావెరిక్ విన్యాలెస్ పోల్ టైమ్, అంటే క్వాలిఫైయింగ్‌లో అందరికంటే వేగమైన చుట్టు, 2 నిమిషాల 0.864 సెకన్లు. సగటున కారు 215 కిలోమీటర్ల పైన, బైక్ 164 దగ్గర. పొడవాటి స్ట్రెయిట్‌లో రెండింటి టాప్ స్పీడ్‌ల మధ్య చెప్పుకోదగ్గ దూరం ఉండదు. మరి ఆ దాదాపు 29 సెకన్లు ఎక్కడ పోయాయి?

మొదట బ్రేకుల దగ్గర. వీలీ లెక్కే ఇక్కడ తలకిందులుగా పనిచేస్తుంది. గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రం లేస్తుంది. సుమారు 1 జి దగ్గర అది జరుగుతుంది. 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆ రేటుతో ఆగడానికి 39 మీటర్లు కావాలి. మెత్తటి టైర్లున్న స్పోర్ట్స్ కారు నాలుగు చక్రాలతోనూ నేలను పట్టుకుని 31, 32 మీటర్లలో ఆగిపోతుంది. ప్రతి మలుపుకు ముందు ఈ ఏడెనిమిది మీటర్లు కారుకు లాభం.

రెండోది, వంగడం. బైక్ మలుపు తిరగాలంటే లోపలికి వంగాలి. 45 డిగ్రీలు వంగితే 1 జి పక్కతోపు తట్టుకున్నట్టు. 1.3 జికి 52 డిగ్రీలు. మోటోజీపీ రైడర్లు 60 డిగ్రీలు దాటి వంగుతారు, మోచేయి నేలకు రాసుకుంటుంది. ఆ కోణం దగ్గర నేలను తాకుతున్నది టైరు అంచులోని అరచేయంత రబ్బరు. ఆ కాస్త రబ్బరే మలుపు తిప్పాలి, అదే బ్రేక్ పనీ చేయాలి, అదే తోపూ ఇవ్వాలి. ఒక పనికి ఎక్కువ ఖర్చు పెడితే ఇంకో పనికి మిగలదు. ముందు టైరు జారితే బైక్ పడిపోవడం దాదాపు ఖాయం. కారు జారితే స్టీరింగ్ సరిచేసుకుని మళ్లీ దారికి రావచ్చు, మహా అయితే ఒక సెకను పోతుంది. అందుకే కారు డ్రైవర్ హద్దు దాటి కాస్త వెనక్కి వస్తూ నడపగలడు. రైడర్ హద్దుకు కాస్త ఇవతలే ఉండాలి.

నెమ్మదిగా తిరిగే మలుపుల్లో రోడ్డు కారుకూ బైక్‌కూ తేడా మరీ ఎక్కువ కాదు. గ్రిప్ హద్దు బరువును బట్టి పెద్దగా మారదు కాబట్టి రెండూ ఒకే శ్రేణిలో ఉంటాయి. తేడా పెరిగేది వేగమైన మలుపుల్లో, డౌన్‌ఫోర్స్ వల్ల. పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ గంటకు 285 కిలోమీటర్ల దగ్గర తన రెక్కలతో 860 కిలోల బలం కిందికి పుట్టిస్తుంది. బరువు పెరగకుండా గ్రిప్ మాత్రమే పెరుగుతుంది. ఫార్ములా వన్ కారులో ఇది ఇంకా చాలా ఎక్కువ. బైక్‌కు రెక్కలు పెడితే, వంగి ఉన్నప్పుడు ఆ బలం నేలవైపు కాక కొంత పక్కకు నెడుతుంది. మోటోజీపీ బైకులకు ఇప్పుడు కనిపించే రెక్కలు మొదట్లో ముఖ్యంగా వీలీని అణచడానికి వచ్చినవే.

రోడ్డు బండ్ల దగ్గరికి వస్తే జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె అందరూ చెప్పుకునే కొలత. 2022లో జీటీ3 ఆర్‌ఎస్ పూర్తి 20.832 కిలోమీటర్ల చుట్టును 6 నిమిషాల 49.328 సెకన్లలో పూర్తి చేసింది. బైకుల్లో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది 1993లో హెల్మట్ డేనే హోండా ఆర్‌సీ30 మీద చేసిన 7 నిమిషాల 49.71 సెకన్లు. పూర్తి నిమిషం తేడా. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తప్పుదారి పట్టిస్తుంది. ఆర్‌సీ30 ఒక 750 సీసీ బైక్. ఆ కాలంలో అది సూపర్‌కార్లకు సాటి వచ్చే సమయం. తర్వాత ముప్పై ఏళ్లలో కార్ల కంపెనీలు ఈ ట్రాక్ రికార్డును ప్రచారానికి వాడుకుని కోట్లు పోశాయి, బైక్ కంపెనీలు ఆ జోలికి అంతగా పోలేదు. ఈనాటి సూపర్‌బైక్ పూర్తి చుట్టుకు వస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం ఆస్టిన్ అంకెలు చూశాక అనలేం.

ఈ వాదనలో తరచూ మర్చిపోయే సాక్ష్యం ఇంకొకటుంది. బ్రిటన్‌కు చెందిన రాడికల్ ఎస్‌ఆర్8 కారు. దాని వీ8 ఇంజిన్ మూలం సుజుకి హయబుసా బైక్ ఇంజిన్. 2009లో ఈ కారు నూర్‌బుర్గ్‌రింగ్‌ను 6 నిమిషాల 48 సెకన్లలో చుట్టింది, కాస్త పొట్టి కొలత మీదే అయినా. దాన్ని రోడ్డు కారు అనవచ్చా అన్న తగవు అప్పటినుంచీ ఉంది, ఆకారం చూస్తే ఆ తగవు అర్థమవుతుంది కూడా. కానీ మన ప్రశ్నకు సంబంధించి అది తేల్చిన విషయం స్పష్టం. బైక్ ఇంజిన్ సత్తాకు కొరత లేదు. దాన్ని నాలుగు చక్రాల మీద, రెక్కల కింద పెడితే పెద్ద పెద్ద కార్లను దాటుతుంది. ల్యాప్ టైమ్‌లో బైక్‌ను వెనక్కి లాగేది రెండు చక్రాల నిర్మాణమే.

## ఐల్ ఆఫ్ మ్యాన్ మినహాయింపు

ఇంత చెప్పాక ఎదురు ఉదాహరణ ఒకటి దాచిపెట్టడం సబబు కాదు. ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో మామూలు రోడ్ల మీద జరిగే టీటీ రేసులో ఒక చుట్టు 60 కిలోమీటర్ల పైన. 2023లో పీటర్ హిక్‌మన్ బీఎండబ్ల్యూ బైక్ మీద సగటున 219 కిలోమీటర్ల వేగంతో 16 నిమిషాల 36 సెకన్లలో పూర్తి చేశాడు. అదే దారిలో 2016లో మార్క్ హిగిన్స్ ప్రత్యేకంగా తయారు చేసిన సుబారు కారుతో 17 నిమిషాల 35 సెకన్లు తీసుకున్నాడు. ఇక్కడ బైక్ దాదాపు నిమిషం ముందుంది.

కారణాలు వెతికితే పైన చెప్పిన సూత్రాలే కనిపిస్తాయి. ఆ దారిలో చాలా భాగం వంద నుంచి మూడొందల మధ్య వేగాలతో సాగుతుంది, అంటే బైక్‌కు అనుకూలమైన పరిధి. రోడ్డు ఇరుకు. బైక్ సన్నగా ఉంటుంది కాబట్టి అదే మలుపును కారు కంటే తక్కువ వంపుతో తీసుకోగలదు. రేస్ ట్రాక్ వెడల్పులో ఈ లాభం పెద్దగా ఉండదు. పైగా బైకులు దశాబ్దాలుగా ప్రతి ఏటా పదుల సంఖ్యలో ఆ దారి మీద పోటీ పడుతున్నాయి, కారుది అప్పుడప్పుడు చేసే ఒంటరి ప్రయత్నం. సుబారు మూలం కూడా సెడాన్ కారే తప్ప రేసు కోసం పుట్టింది కాదు. కాబట్టి దీన్ని చివరి తీర్పుగా తీసుకోలేం. దారిని బట్టి గెలుపు మారుతుందని మాత్రం ఇది గట్టిగానే చెబుతోంది.

## అంకెల్లో మోసపోయే చోట్లు

పోలికలు తేలకపోవడానికి సగం కారణం కొలిచే పద్ధతి. సున్నా నుంచి వంద అంకెల్లో కొన్ని, ముఖ్యంగా అమెరికాలో వచ్చేవి, నిజంగా సున్నా నుంచి మొదలు కావు. బండి మొదటి అడుగు, అంటే 30 సెంటీమీటర్లు, కదిలాకే గడియారం నొక్కుతారు. డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన అలవాటిది. 1 జి రేటుతో కదిలే బండికి ఆ అడుగు పావు సెకను. అంటే 2.9 సెకన్ల బండి, 2.65గా ప్రచారంలోకి వస్తుంది. ఒక అంకె ఈ పద్ధతిలోది, ఇంకోటి మామూలుది అయితే వాటిని పోల్చడంలో అర్థం లేదు.

బైకుల బరువులో ఇంకో తిరకాసు. కొన్ని కంపెనీలు పెట్రోలు, ఆయిలు, ఒక్కోసారి బ్యాటరీ కూడా లేకుండా బరువు చెబుతాయి. దాంతో పదిహేను ఇరవై కిలోలు తగ్గి కనిపిస్తుంది.

ఇక స్పీడోమీటర్. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ మాత్రం 10 శాతంతో పాటు మరో 4 కిలోమీటర్ల దాకా చూపించవచ్చు. నిజంగా 250లో వెళ్తున్న బండి 279 చూపించినా అది నిబంధనకు లోబడినట్టే. హెల్మెట్ కెమెరా వీడియోల్లో కనిపించే అంకెలను నమ్మే ముందు ఇది గుర్తుంచుకోవాలి. చిరాన్ 490 కూడా ఒకే దిశలో తీసిన అంకె. ప్రపంచ రికార్డుల్లో రెండు దిశల సగటు తీసుకోవడం వాడుక.

## నడిపే మనిషి

కారులో డ్రైవర్ సీటుకు కట్టుబడి ఉంటాడు. బైక్ మీద రైడర్ శరీరం ఒక కంట్రోల్ లాంటిది. మలుపులో లోపలికి వేలాడితే బైక్ తక్కువ వంగినా సరిపోతుంది, ముందుకు వాలితే వీలీ హద్దు కాస్త జరుగుతుంది. అందుకే ఒకే బైక్ మీద ఇద్దరు మనుషుల ల్యాప్ టైమ్‌ల తేడా, ఒకే కారులో ఇద్దరి తేడా కంటే సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. బండి వంపును అనుక్షణం కొలిచే సెన్సర్లు ఈ దూరాన్ని కొంత తగ్గించాయి. 2015 యమహా ఆర్1 తర్వాత పెద్ద బైకుల్లో అవి మామూలయ్యాయి. రెండు రంగాల్లోనూ ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఇప్పటికీ జాన్ సర్టీస్ ఒక్కడే. 500 సీసీ బైకుల్లో నాలుగుసార్లు గెలిచి, 1964లో ఫెరారీతో ఫార్ములా వన్ టైటిల్ కొట్టాడు.

ప్రమాదం లెక్కను వేగం లెక్కలో కలపరు, కానీ అభిమాని ఏది కొనాలో ఆలోచించేటప్పుడు అది రాకుండా ఉండదు. అమెరికా ప్రభుత్వ గణాంకాల్లో ప్రయాణించిన దూరంతో పోలిస్తే బైక్ మీద చనిపోయే అవకాశం కారులో కంటే 20 రెట్లకు పైగా ఉంటోంది. ఇది అన్ని రకాల బైకులకూ కలిపిన అంకె.

## కరెంటు బండ్లు వచ్చాక

ఎలక్ట్రిక్ మోటార్లు ఈ పోలికను కార్ల వైపు మరింత వంచాయి. కారణం బ్యాటరీ బరువు. కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలో బ్యాటరీ ప్యాక్‌లో ఇప్పటికీ 0.2 యూనిట్ల చుట్టూనే. మోటారు పెట్రోలు ఇంజిన్ కంటే మూడు రెట్లు సమర్థంగా పనిచేసినా ఆ దూరం పూడదు. కారు అడుగున ఐదారొందల కిలోల బ్యాటరీ పరిచేయవచ్చు, గరిమనాభి ఇంకా కిందికి దిగి లాభమే జరుగుతుంది. బైక్‌లో పెరిగిన ప్రతి కిలో దాని ఏకైక ఆధిక్యాన్ని తినేస్తుంది.

దీనికి ప్రత్యక్ష రుజువు మోటోఈ రేసులు. 2019లో మొదలైన ఈ ఎలక్ట్రిక్ సిరీస్‌లో 2023 నుంచి డుకాటీ బైకులు వాడారు. ఒక్కోటి 225 కిలోలు, అందులో బ్యాటరీయే 110 కిలోలు. పవర్ 150 హార్స్‌పవర్. అదే సమయంలో పెట్రోలు మోటోజీపీ బైక్ కనీస బరువు 157 కిలోలు, పవర్ దాదాపు రెట్టింపు. మోటోఈ రేసు ఏడెనిమిది ల్యాప్‌లకే ముగిసేది. 2025 సీజన్ తర్వాత ఆ సిరీస్‌ను నిలిపేశారు.

మోటోజీపీ కూడా 2027 నుంచి వెనక్కి తగ్గుతోంది. ఇంజిన్ 1000 సీసీ నుంచి 850కి, కనీస బరువు 153 కిలోలకు, ట్యాంకు 22 లీటర్ల నుంచి 20కి దిగుతాయి. రెక్కల వెడల్పు తగ్గుతుంది. అన్నిటికంటే ఈ పోలికకు దగ్గరి మార్పు ఇంకొకటి. స్టార్ట్‌లో, మలుపుల నుంచి బయటికి వచ్చేటప్పుడు బండిని కిందికి దించే పరికరాలను నిషేధిస్తున్నారు. అవి గరిమనాభి ఎత్తు తగ్గించి, ముందు చక్రం లేచే హద్దును వెనక్కి నెట్టడానికి వచ్చినవే. అవి పోతే మోటోజీపీ బైక్ స్టార్ట్ మళ్లీ 1 జి గీత దగ్గరికి వస్తుంది. కరెంటు కార్లు ఆ గీతను ఇప్పటికే దాటేశాయి. వంద నుంచి రెండొందల యాభై మధ్య మాత్రం, 850 సీసీతోనైనా, బైక్‌కు దగ్గరగా వచ్చే స్పోర్ట్స్ కారు షోరూమ్‌లో అరుదే.